క్షిపణుల తక్కెడ



భోజనాలయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుము వాల్చే వేళకి ఈ బాంబుల గోలేమిటమ్మా అనుకుంటున్నారేమో. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నదాన్నే. వార్తల్లో "అణ్వాయుధ రాజ్యాల మధ్య సైనిక సమతూకం" అనే మాట వినపడగానే పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచి వెళ్లిపోయేదాన్ని. మాట అంత బరువుగా ఉంటుంది మరి. ఇంట్లో మగవాళ్లు పేపరు మడిచిపెట్టి దాని మీద గంటలకొద్దీ వాదించుకుంటారు. మనం కాఫీ గ్లాసులు అందించి వచ్చేస్తాం.

కాని తూకమంటే మనకి తెలియని సంగతా? బండివాడి తక్కెడ ఎటు మొగ్గిందో, రాయి అసలుదో అరిగిందో, పాసంగం సరిపోయిందో లేదో వీధిగుమ్మంలో నిలబడి ఒక్క చూపులో పసిగట్టేది మనమే కదా. అగ్రరాజ్యాల సమతూకాన్ని కూడా ఆ కంటితోనే ఒకసారి చూద్దామని ఇవాళ మీ ముందుకొచ్చాను. నేను చెప్పబోయే కథ యూరప్‌లో జరిగింది. 1977 నుంచి 1987 దాకా, సరిగ్గా పదేళ్ల కథ. అందులో అధ్యక్షులూ, మంత్రులూ, సైన్యాధిపతులూ ఉన్నారు. ఒక ఇనపకంచె పక్కన ప్లాస్టిక్ పట్టాల కింద ఏళ్ల తరబడి మకాం వేసిన ఆడవాళ్లూ ఉన్నారు.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాల మీద బాంబులు పడేనాటికి ఆ ఆయుధం అమెరికా ఒక్కదాని దగ్గరే ఉంది. 1949లో సోవియట్ యూనియన్ కూడా పేల్చి చూపించింది. ఆ ఏడే అమెరికా, కెనడా, పశ్చిమ యూరప్ దేశాలు కొన్ని కలిసి నాటో అనే కూటమి కట్టాయి. 1955లో పశ్చిమ జర్మనీ అందులో చేరేసరికి, సోవియట్ వాళ్లు తూర్పు యూరప్ దేశాలతో వార్సా ఒడంబడిక రాయించుకున్నారు. ఊళ్లో రెండు మోతుబరి కుటుంబాలు, చెరొక వైపూ చుట్టపక్కాలు అన్నట్టుగా తయారైంది. రెండు వర్గాలకీ నడిమధ్య గోడ పడింది జర్మనీలో. ఒకే భాష మాట్లాడే జనం, కొన్నిచోట్ల ఒకే ఇంటి జనం, అటూ ఇటూ అయిపోయారు.

1970ల నాటికి పెద్దలిద్దరి దగ్గరా ఒకరినొకరు ఎన్నోసార్లు నాశనం చేసుకోగలిగినంత సరంజామా పోగుపడింది. సముద్రాలు దాటి వెళ్లే పెద్ద క్షిపణులు ఇంతకు మించి పెంచుకోవద్దని 1972లో ఒక ఒప్పందం కూడా చేసుకున్నారు. "నువ్వు కొడితే నేనూ కొడతాను, ఇద్దరం పోతాం" అన్న భయం ఒక్కటే వాళ్లని ఆపుతున్నది. దానికే సమతూకమని గౌరవంగా పేరుపెట్టారు. మీకూ నాకూ అదేం శాంతి అనిపించవచ్చు గాని, ఆ భయంతోనే వాళ్లు పాతికేళ్లపైన నేరుగా యుద్ధానికి దిగలేదన్న మాట కూడా కాదనడానికి లేదు. సమతూకం మీద నమ్మకమున్న వాళ్లంతా వెర్రివాళ్లేం కాదు. ఇది ముందే చెప్పుకోవడం న్యాయం.

ఇంతకీ చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ఒప్పందం సముద్రం దాటే క్షిపణుల గురించి మాత్రమే. మధ్యరకం వాటి సంగతి అందులో లేదు. 1976, 77 ప్రాంతంలో సోవియట్ వాళ్లు తమ పాతపడిన మధ్యరకం క్షిపణుల స్థానంలో కొత్తవి పెట్టడం మొదలుపెట్టారు. పడమటి దేశాల వాళ్లు వాటికి ఎస్.ఎస్.-20 అని పేరు పెట్టుకున్నారు. ఒక్కొక్కటీ సుమారు 5,000 కిలోమీటర్లు పోతుంది. ఒక్కొక్కదానికీ మూడేసి తలలు, ఒక్కొక్క తలలో హిరోషిమా బాంబుకు పదింతల శక్తి. పెద్ద లారీ లాంటి వాహనం మీద పెట్టి అడవుల్లోకి తీసుకుపోయి దాచవచ్చు. లండన్, పారిస్, రోమ్ అన్నీ దాని అందుబాటులోనే ఉన్నాయి. అమెరికా మాత్రం అందదు.

ఈ ఆఖరి ముక్కే పశ్చిమ జర్మనీ ప్రధాని హెల్ముట్ ష్మిట్‌కి నిద్ర పట్టకుండా చేసింది. 1977 అక్టోబరులో లండన్‌లో చేసిన ఒక ఉపన్యాసంలో ఆయన ఆ సంగతి బయటపెట్టాడు. ఆయన భయాన్ని మన మాటల్లో చెప్పాలంటే ఇంతే. దూరాన ఉన్న పెద్దింటి ఆసామీ "మీ ఇంటి మీదికి ఎవడొచ్చినా నేనున్నాను" అని మాటిచ్చాడు. ఎదుటివాడి కర్ర ఆసామీ ఇంటి దాకా రానంతకాలం ఆ మాటకి విలువుంది. ఇప్పుడు ఆసామీకీ ఎదుటివాడికీ బలం సమానమైపోయింది. మన గుమ్మం ముందు గొడవైతే, ఆయన తన ఇంటికి నిప్పంటించుకునే సాహసం చేసి మన కోసం వస్తాడా? హాంబుర్గ్ కోసం అమెరికా తన న్యూయార్క్‌ని పణం పెడుతుందా? ప్రశ్న మొరటుగా ఉంది గాని, అబద్ధం లేదు అందులో.

దీనికి నాటో వెతికిన మందు 1979 డిసెంబరు 12న బయటపడింది. పశ్చిమ యూరప్ నేల మీద 572 అమెరికా క్షిపణులు పెడతాం అన్నారు. పెర్షింగ్-2 అనేవి 108, అన్నీ పశ్చిమ జర్మనీలోనే. నేల మీంచి వదిలే క్రూయిజ్ రకం 464. అవి బ్రిటన్‌లో 160, ఇటలీలో 112, పశ్చిమ జర్మనీలో 96, బెల్జియంలో, హాలెండులో 48 చొప్పున. అదే నోటితో, "సోవియట్ వాళ్లు తమవి తగ్గించే మాటైతే బేరానికి కూర్చుంటాం" అని కూడా అన్నారు. బెదిరింపూ, బేరమూ ఒకే కాగితం మీద రాసినట్టన్నమాట. ఆ నెలాఖరుకి సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగింది. దాంతో అప్పటిదాకా ఉన్న కాస్త మంచీ మర్యాదా కూడా పోయింది.

ఇక్కడే అసలు వినోదం మొదలవుతుంది. వినోదం అనకూడదేమో, కాని లెక్క చూస్తే నవ్వు రాకమానదు. 1981 నవంబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్ యూరప్‌లో మధ్యరకం అణ్వాయుధాల విషయంలో సోవియట్ వాళ్లది ఆరింతల పైచేయి అన్నాడు. అదే నెలలో సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ ఇరువైపులా చెరో వెయ్యి చొప్పున సమానంగా ఉన్నాయి అన్నాడు. ఒకే సరుకు, ఒకే తక్కెడ. ఒకరికి ఆరింతలు, ఒకరికి సమానం! ఇద్దరిలో ఎవరు అబద్ధమాడారని అడుగుతారు మీరు. చిత్రమేమిటంటే, అంకెల్లో పచ్చి అబద్ధం పెద్దగా లేదు. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్న దగ్గరే ఉంది కిటుకంతా.

సోవియట్ వాళ్లు యూరప్ చుట్టూ ఉన్న అమెరికా యుద్ధవిమానాలనీ, బ్రిటన్, ఫ్రాన్సు దేశాల సొంత అణుక్షిపణులనీ కూడా కలిపి కూడారు. అమెరికా వాళ్లు తమ విమానాల్లో చాలావాటిని వదిలేసి, ఎదుటివాళ్ల విమానాలను మాత్రం ధారాళంగా కలుపుకున్నారు. మన ఇళ్లల్లో పంపకాలప్పుడు చూడలేదూ? పుట్టింటివారు పెట్టిన నగలు ఉమ్మడి ఆస్తి కిందికి వస్తాయా రావా అన్న దగ్గర మొదలైన తగాదా మూడు తరాలు నడుస్తుంది. అలాగే బ్రిటన్, ఫ్రాన్సుల క్షిపణులు 162 దగ్గర తేలింది తగాదా. బ్రిటన్ జలాంతర్గాముల్లో 64, ఫ్రాన్సు జలాంతర్గాముల్లో 80, ఫ్రాన్సు నేల మీద 18. "అవి మా వైపు గురిపెట్టి ఉన్నాయి, కనుక లెక్కలోవే" అంటుంది మాస్కో. "అవి మావి కావు, మా స్నేహితులవి, వాటితో మాకు పెత్తనం లేదు" అంటుంది వాషింగ్టన్. 1982 డిసెంబరులో అప్పటి సోవియట్ నాయకుడు ఆంద్రోపోవ్ "సరే, యూరప్‌లో మా ఎస్.ఎస్.-20లు ఆ 162కే తగ్గిస్తాం, మీరు కొత్తవేవీ పెట్టకండి" అన్నాడు. అటువాళ్లు కుదరదన్నారు.

జెనీవా నగరంలో రెండేళ్లపాటు ఈ బేరం సాగింది. మధ్యలో ఒక మంచి ఘడియ కూడా వచ్చింది పాపం. 1982 జులైలో అమెరికా తరఫు రాయబారి పాల్ నిట్జే, సోవియట్ తరఫు రాయబారి క్విత్సిన్స్కీ, ఇద్దరే ఇద్దరు, గదుల్లోంచి బయటికొచ్చి జెనీవాకి దగ్గరలో కొండల మీద అడవిదారిన షికారుగా నడిచారు. ఒక దుంగ మీద కూర్చుని, యూరప్‌లో చెరి 75 క్షిపణి వాహనాలతో సరిపెట్టుకుందామని, పెర్షింగ్‌లు అసలు వద్దని ఒక చిత్తుప్రతి రాసుకున్నారు. ఇద్దరు పెద్దమనుషులు ఒక పూట నడకలో తేల్చిన దాన్ని రెండు రాజధానులూ తోసిపారేశాయి.

సరే, వీళ్లు బేరమాడుతూ ఉండగా ఈ క్షిపణులు దిగవలసిన నేల ఎవరిది? అక్కడి జనాన్ని ఎవరైనా అడిగారా?

బ్రిటన్ వాటా 160 అన్నాను కదా. అందులో 96 పెట్టడానికి లండన్‌కి పడమట, న్యూబరీ అనే ఊరి పక్కన ఉన్న గ్రీన్‌హామ్ కామన్ అనే విమానస్థావరాన్ని ఎంచారు. కామన్ అంటే ఊరుమ్మడి బీడు. చుట్టుపక్కల వాళ్లకి పశువులు మేపుకునే హక్కున్న నేల. రెండో ప్రపంచయుద్ధంలో సర్కారు దాన్ని తీసుకుని విమానాలకి వాడింది. యుద్ధం ముగిశాక కూడా అది మళ్లీ ఊరివాళ్ల చేతికి పూర్తిగా రాలేదు. ఆ తరవాత అమెరికా వైమానిక దళం వచ్చి కూర్చుంది.

1981 ఆగస్టు 27న వేల్స్‌లోని కార్డిఫ్ నగరం నుంచి 36 మంది ఆడవాళ్లు నడక మొదలుపెట్టారు. వెంట కొందరు మగవాళ్లు, పిల్లలు. వాళ్లలో పేరుమోసిన రాజకీయ నాయకురాలంటూ ఎవరూ లేరు. ఆన్ పెటిట్ అనే ఆవిడ పల్లెటూళ్లో పిల్లల్ని పెంచుకుంటున్న తల్లి. హెలెన్ జాన్ అనే ఆవిడ మంత్రసాని పని చేసిన మనిషి, అయిదుగురు బిడ్డల తల్లి. రోజుకి పది పన్నెండు మైళ్ల చొప్పున పది రోజులు నడిచి, సెప్టెంబరు 5న గ్రీన్‌హామ్ చేరారు. దోవ పొడుగునా పేపర్లవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. అందుకని నలుగురు స్త్రీలు కంచెకి గొలుసులతో తమని తాము కట్టేసుకున్నారు. అరవై డెబ్బై ఏళ్ల కిందట ఓటు హక్కు కోసం వాళ్ల అమ్మమ్మల తరం చేసిన పనే అది. వాళ్లడిగింది కూడా గొంతెమ్మ కోరికేం కాదు. క్షిపణుల విషయం మీద మంత్రి తమతో టెలివిజన్లో అందరి ముందూ చర్చకు రావాలని. అంతే. మంత్రి రాలేదు. వాళ్లు ఇంటికి వెళ్లలేదు.

ఒక రాత్రి అనుకున్నది ఒక వారమైంది, వారం చలికాలమైంది. చెట్టుకొమ్మలు వంచి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి గూడారాలు వేసుకున్నారు. నీళ్లకి కటకట, స్నానానికి కటకట, కట్టెల పొయ్యి, బురద. మునిసిపాలిటీ మనుషులు వచ్చి గూడారాలు పీకి లారీలో పడేసేవారు. వాళ్లు వెళ్లగానే వీళ్లు మళ్లీ కట్టుకునేవారు. స్థావరానికి ఎన్ని గేట్లున్నాయో అన్ని శిబిరాలు వెలిశాయి. పసుపు గేటు, ఆకుపచ్చ గేటు, నీలం గేటు అని రంగుల పేర్లు పెట్టుకున్నారు. 1982లో ఇకపై శిబిరంలో ఆడవాళ్లే ఉండాలని తీర్మానించారు. దాని మీద వాళ్లలో వాళ్లకే పెద్ద రభస అయింది. కూడా నడిచివచ్చిన మగవాళ్లు నొచ్చుకున్నారు. నాకూ ఆ సంగతి మొదట్లో మింగుడుపడలేదు. తరవాత ఒకావిడ చెప్పిన కారణం చదివాను. మగవాళ్లుంటే పోలీసులతో పెనుగులాట ఇట్టే కొట్లాటగా మారిపోతోందిట. సభలో మాట్లాడేది వాళ్లు, వంట చేసేది వీళ్లు అయిపోతోందిట. ఆ రెండో కారణం మనకి విడమరచి చెప్పనక్కర్లేదు కదా!

1982 డిసెంబరు 12న, నాటో నిర్ణయానికి సరిగ్గా మూడేళ్లు నిండిన నాడు, స్థావరాన్ని చేతులతో చుట్టేద్దామనుకున్నారు. కంచె చుట్టుకొలత తొమ్మిది మైళ్లు. ఎంతమంది వస్తారో తెలియదు. ఉత్తరాలు రాశారు, ఉత్తరం అందినామె పదిమందికి రాయాలి, వాళ్లు మళ్లీ పదేసి మందికి. మనం దేవుడి పేరున కార్డులు రాసి పంచుకునే పద్ధతే. ఆ రోజు 30,000 మంది స్త్రీలు వచ్చారు. చేయీ చేయీ కలిపి తొమ్మిది మైళ్ల కంచెనూ చుట్టేశారు. తమకి ప్రాణంలా ఉన్నవి తెచ్చి కంచెకి కట్టారు. పసిపిల్లల చొక్కాలు, చిన్న చిన్న మేజోళ్లు, పెళ్లినాటి బట్టలు, ఫొటోలు, బొమ్మలు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఇనపతీగల్లో ఊలు అల్లారు. లోపల సైనికులు, బయట పసిపాపల జుబ్బాలు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి.

కొత్త సంవత్సరం 1983 జనవరి 1 తెల్లవారుజామున 44 మంది నిచ్చెనలు వేసుకుని కంచె దాటి, క్షిపణుల కోసం కడుతున్న కాంక్రీటు గుట్టల మీదికెక్కి, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడారు. పోలీసులు పట్టుకుపోయారు. మోపిన నేరం ఏమిటనుకున్నారు? శాంతిభంగం! బుద్ధిగా ఉంటామని పూచీకత్తు రాసివ్వండి, వదిలేస్తామంది కోర్టు. చాలామంది ఇవ్వలేదు, జైలుకి వెళ్లారు.

వీళ్లందరినీ దేశమంతా నెత్తిన పెట్టుకుందని అనుకోకండి. న్యూబరీ ఊళ్లో చాలామందికి వీళ్లంటే మంట. మురికి మనుషులు, మొగుళ్లనీ పిల్లల్నీ వదిలేసి వచ్చిన మనుషులు అని పేపర్లు రాశాయి. 1983 జూన్‌లో ఎన్నికలు జరిగితే, క్షిపణులు పెట్టి తీరుతానన్న థాచర్ గారి పార్టీయే భారీ మెజారిటీతో గెలిచింది. ఆమె కూడా స్త్రీయే, ఇద్దరు పిల్లల తల్లే. కాబట్టి ఆడవాళ్లంతా శాంతి వైపు, మగవాళ్లంతా బాంబు వైపు అని చెప్పడానికి లేదు. అలా చెబితే వినడానికి బావుంటుంది గాని, నిజం కాదు.

1983లో ఆ శరదృతువు ఎంత ప్రమాదంగా గడిచిందో అప్పుడు బతికి ఉన్నవాళ్లలో చాలామందికి తెలియదు. సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది. 269 మంది పోయారు. సెప్టెంబరు 26 అర్ధరాత్రి దాటాక, మాస్కో దగ్గర ఒక నేలమాళిగలో డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారికి కంప్యూటరు గంట కొట్టింది. అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందంది. తరవాత మరో నాలుగు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు అయిదింటితో మొదలుపెడతాడా అని ఆయన ఆలోచించుకుని, పైవాళ్లకి "యంత్రం తప్పు" అని చెప్పాడు. మేఘాల మీద పడ్డ ఎండని చూసి ఉపగ్రహం భ్రమపడిందని తరవాత తేలింది. ఈ సంగతి లోకానికి తెలిసింది 1990లలో. నవంబరులో నాటో వాళ్లు అణుయుద్ధం వస్తే ఎలా ఆజ్ఞలివ్వాలో అని సాధన చేస్తుంటే, ఇది సాధనో, సాధన ముసుగులో నిజమో తెలియక సోవియట్ వాళ్లు తమ బలగాల్లో కొన్నింటిని సిద్ధం చేసుకున్నారని కూడా ఆ తరవాతే బయటపడింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. అమెరికా నుంచి మాస్కోకి క్షిపణి రావడానికి అరగంట పడుతుంది. పశ్చిమ జర్మనీ నుంచి పెర్షింగ్-2 అయితే పది నిమిషాలు కూడా పట్టదని సోవియట్ వాళ్ల భయం. దాని పరిధి సుమారు 1,800 కిలోమీటర్లే, మాస్కో దాకా రాదని అమెరికా అనేది. ఎదుటివాడు నమ్మలేదు. అంకెల తూకం సరిచేద్దామని తెచ్చినవి కాస్తా, పెత్రోవ్ లాంటి మనిషికి ఆలోచించుకునే వ్యవధిని తినేశాయన్నమాట. సరుకు సమానమైనా తక్కెడ మాత్రం మునుపటికన్నా ఎక్కువ ఊగింది. మనకీ ఇది పరాయి లెక్క కాదు. 1998లో మనమూ, పాకిస్తానూ అణుపరీక్షలు చేసుకున్నాం. ఢిల్లీకీ ఇస్లామాబాదుకీ మధ్య 700 కిలోమీటర్లు.

నవంబరు 14న గ్రీన్‌హామ్‌కి మొదటి క్రూయిజ్ క్షిపణులు విమానంలో దిగాయి. అంతకు కొద్ది రోజుల ముందే రక్షణమంత్రి హెసెల్టైన్, క్షిపణుల దగ్గరికి చొరబడేవాళ్ల మీద కాల్పులు జరగవచ్చని పార్లమెంటులో హెచ్చరించాడు. నవంబరు 22న పశ్చిమ జర్మనీ పార్లమెంటు పెర్షింగ్‌లకి ఒప్పుకుంది. మర్నాడే సోవియట్ ప్రతినిధులు జెనీవా గదిలోంచి లేచి వెళ్లిపోయారు. రెండేళ్ల ఆడవాళ్ల పడిగాపులు పైకి చూస్తే వృథా అయిపోయినట్టే.

అయినా వాళ్లు కదల్లేదు. డిసెంబరులో 50,000 మంది అద్దాలు పట్టుకొచ్చి, లోపలివాళ్ల ముఖాలు వాళ్లకే చూపించారు. క్రూయిజ్ క్షిపణి గొప్పతనమంతా ఏమిటంటే, గొడవ వచ్చే సూచన కనబడగానే వాహనాల మీద గుట్టుగా పల్లెల్లోకి వెళ్లి దాక్కోవడం. ఈ గేటు ముందు మకాం వేసిన ఆడవాళ్లుండగా గుట్టెక్కడిది? అర్ధరాత్రి వాహనాలు బయటికి రాగానే ఒకరు పరిగెత్తి ఫోను చేసేవారు, వాళ్లు మరొకరికి, వాళ్లు ఇంకొకరికి. తెల్లారేసరికి ఏ అడవిలో దాక్కున్నదీ జిల్లా అంతా తెలిసిపోయేది. మన వీధుల్లో కబురు పాకే వేగం అందరికీ తెలిసిందే. దాన్ని సైనిక రహస్యం మీద ప్రయోగించారు వాళ్లు.

ఈ పదేళ్లలో మన దేశం ఊరికే కూర్చోలేదని ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. 1983 మార్చిలో ఢిల్లీలో అలీన దేశాల శిఖరాగ్ర సభ ఇందిరాగాంధీ అధ్యక్షతన జరిగింది. 1984 మేలో ఆమె, స్వీడన్, గ్రీసు, టాంజానియా, మెక్సికో, అర్జెంటీనా నాయకులూ కలిసి అణ్వాయుధాల పోటీ ఆపమని విజ్ఞప్తి చేశారు. ఆమె పోయాక, 1985 జనవరిలో ఆ ఆరుగురి సభ ఢిల్లీలోనే రాజీవ్ గాంధీ నడిపారు. అంతకు ముందు, 1982లో శాంతికి నోబెల్ బహుమతి పంచుకున్న స్వీడన్ స్త్రీ ఆల్వా మిర్డాల్ మనకి తెలిసిన మనిషే. 1955 నుంచి కొన్నేళ్లు ఢిల్లీలో స్వీడన్ రాయబారిగా ఉన్నారు. నిరాయుధీకరణ చర్చల్లో ఏళ్ల తరబడి కూర్చుని, పెద్దలిద్దరూ పైకి పోట్లాడుకుంటూ లోపల ఆయుధాలు పెంచుకోవడంలో ఒకరికొకరు సాయపడుతున్నారని కుండబద్దలు కొట్టింది ఆవిడ.

1985 మార్చిలో సోవియట్ పగ్గాలు గోర్బచేవ్ చేతికొచ్చాయి. 1986 అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధానిలో ఆయనా రీగనూ రెండు రోజులు కూర్చుని, చివరి గడియలో విడిపోయారు. మళ్లీ కూర్చున్నారు. 1987 డిసెంబరు 8న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి. 500 నుంచి 5,500 కిలోమీటర్ల దాకా పోయే, నేల మీంచి వదిలే క్షిపణులు ఇరువైపులా ఒక్కటి కూడా ఉండకూడదని ఒప్పందం. 1991 జూన్‌కి మొత్తం 2,692 క్షిపణుల్ని విరిచి, కాల్చి, పేల్చి పారేశారు.

ఆ మొత్తంలో ఎవరి వాటా ఎంతో చూడండి. అమెరికా 846. సోవియట్ యూనియన్ 1,846. సరిగ్గా వెయ్యి ఎక్కువ! పదేళ్లపాటు ఒక్క క్షిపణి ఎక్కువైతే కొంప మునుగుతుందన్నారు. 162 లెక్కలోకి రావాలా వద్దా అని జెనీవాలో గొంతులు చించుకున్నారు. చివరికి ఆ 162 ఊసే లేకుండా, ఒకరు రెండింతలకు పైగా వదులుకుని సంతకం చేశారు. ఆకాశం విరిగి మీద పడలేదు. అంతకాలమూ తూచింది క్షిపణుల్ని కాదు, అపనమ్మకాన్ని అని నాకనిపిస్తుంది. అది కాస్త తగ్గేసరికి రాళ్లు సరిపోయాయా లేదా అని ఎవరూ వంగి చూడలేదు. అలాగని కళ్లు మూసుకుని నమ్మనూ లేదు. ఒకరి స్థావరాలు మరొకరు తనిఖీ చేసే ఏర్పాటు ఒప్పందంలోనే రాసుకున్నారు. 1988లో సోవియట్ అధికారులు గ్రీన్‌హామ్ కంచె దాటి లోపలికెళ్లి క్షిపణులు లెక్కపెట్టుకున్నారు. ఆ ఊరి ఆడవాళ్లు అడుగుపెడితే జైలు, మాస్కో అధికారి వస్తే దారి! ఇంకో మాట దాచకూడదు. విరిచింది క్షిపణుల్నే గాని, వాటి తలల్లోని అణుపదార్థాన్ని కాదు. దాన్ని ఎవరిది వారు జాగ్రత్తగా ఇంటికి తీసుకుపోయారు.

ఈ ఒప్పందం ఎవరి పుణ్యం? క్షిపణులు పెట్టి గట్టిగా నిలబడ్డాం కాబట్టే సోవియట్ వాళ్లు దిగివచ్చారని నాటో పక్షం వాళ్లంటారు. జనం వీధుల్లోకి రాకపోతే ఏ నాయకుడికీ ఆ తొందర పుట్టేది కాదని వీళ్లంటారు. నా మట్టుకు నాకు, గోర్బచేవ్ లేకపోతే రెండు వాదాలూ గాలిలో దీపాలే అనిపిస్తుంది. కాని గ్రీన్‌హామ్ స్త్రీలు చేసిన పని ఒకటుంది. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని అందరూ అడుగుతున్నప్పుడు, అసలిది మా నేల మీద ఎందుకు అని అడిగారు. ఆ ప్రశ్న అప్పటిదాకా జెనీవా బల్ల మీదికి రాలేదు.

1991 మార్చిలో ఆఖరి క్షిపణి గ్రీన్‌హామ్ విడిచివెళ్లింది. మరుసటి ఏడు అమెరికా దళం వెళ్లింది. శిబిరం మాత్రం 2000 సంవత్సరం దాకా, ఒకరిద్దరితోనైనా, నిలిచే ఉంది. నేను చెప్పిన ఆ ఒప్పందం ఇప్పుడు లేదు. రష్యా కొత్త క్షిపణితో మాట తప్పిందని అమెరికా, కాదు మీరే తప్పారని రష్యా అనుకుని, 2019 ఆగస్టు 2న దాన్ని రద్దు చేసుకున్నారు. మధ్యరకం క్షిపణుల లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

గ్రీన్‌హామ్‌లో కంచె తీసేశారు. విమానాల దారి కాంక్రీటు పగలగొట్టి ఎత్తుకుపోయారు. 2000లో బీడు మళ్లీ జనానికి తెరిచారు. ఇప్పుడక్కడ ఊరివాళ్ల పశువులు మేస్తాయి, సాయంత్రాలు పిల్లల్ని తీసుకుని షికారుకొస్తారు. క్షిపణులు దాచిన ఆరు గుట్టల్నీ మాత్రం చారిత్రక కట్టడాలని అలాగే ఉంచారు. వాటి మీద గడ్డి మొలిచింది.